పక్క మంచం మావుసికి

నిన్న సాయంత్రం మా ఆయన్ని ఆస్పత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చాం. నిద్రలేక కళ్ళు మంటలు, అయినా కృతజ్ఞతగా ఈ నాలుగు మాటలు రాయందే పడుకోలేను.

హెపటైటిస్ ఎ, అంటే వైరస్ వల్ల కాలేయానికి వచ్చే కామెర్ల జబ్బు అని తేలింది. పచ్చకామెర్లంటే కళ్ళు పసుపెక్కడమే అనుకుంటాం గానీ ఆయన్ని పడగొట్టింది పొట్ట. రెండు ముద్దలకే నిండిపోయినట్టు ఉబ్బరం, పోపు వాసన తగిలితే ఓకరింత. చాలామందికి కళ్ళు పచ్చబడేసరికి వాంతులు తగ్గుముఖం పడతాయట, ఈయనకి తగ్గలేదు.

పక్క మంచం మీద కొడుక్కి తోడుగా ఒక ఒడియా మావుసి (మన పిన్నిలాగా) ఉంది. ఒక రాత్రి మా ఆయనకి వాంతి వస్తే నేను లేచేలోపే ఆవిడ బేసిన్ పట్టేసింది. దుప్పటి మీద పడ్డది కూడా తనే తుడిచి, సబ్బుతో చేతులు కడుక్కొచ్చి, "నువ్వు పడుకో అమ్మా, నేను చూస్తాలే" అంది. గోడవైపు తిరిగి ఏడ్చేశాను. అన్నాళ్ళూ ఎవరి ముందూ ఏడవలేదు.

తెల్లవారుజామున, వార్డు ఇంకా లేవకముందే, తన ఫ్లాస్కులోంచి పలచటి గంజి స్టీలు గ్లాసులో పోసి, చిటికెడు ఉప్పు కలిపి, ఒక్క చెంచా తాగించింది. చీరకొంగుతో మూతి తుడిచింది. కాసేపు ఆగి మళ్ళీ చెంచా. అలా గ్లాసెడు లోపలికెళ్ళింది, కడుపులో నిలిచింది కూడా. డాక్టరుగారికి చెబితే అదే పద్ధతి అన్నారు. ఈ జబ్బులో కొందరికి పొట్ట ఖాళీ అవడం నెమ్మదిస్తుందట, పొద్దెక్కేకొద్దీ వికారం పెరుగుతుందట. అందుకే ఉదయం పూటే కాస్త ఎక్కువ, అదీ కొంచెం కొంచెంగా పెట్టమన్నారు. ఈ వైరస్‌ని చంపే మందు లేదు, తిండీ విశ్రాంతే ముఖ్యం. పారాసిటమాల్ అడగకుండా వేయొద్దు, పసరు అసలే వద్దు. మగతగా పడి ఉన్నా, మాట తడబడినా వెంటనే తీసుకురమ్మన్నారు.

మావుసి కొడుకు ఇంకా అక్కడే ఉన్నాడు. ఆ బాబు కోసం మీరూ దణ్ణం పెట్టుకోండి.

ఒక్కటి మాత్రం చెప్పాలి. ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడి నుంచి దగ్గరని ముందు ఆంధ్రా వైపు ఒక ఆస్పత్రికి వెళ్తే, మీ ఆరోగ్య కార్డు ఒడిశాది, ఇక్కడ చెల్లదన్నారు. వాంతులవుతున్న మనిషిని ఆటోలో వెనక్కి తిప్పుకొచ్చాం. ఇటు చేరాక, కాలేయం ఎంత దెబ్బతిందో తెలిపే పీటీ ఐఎన్‌ఆర్ పరీక్ష లేదు, బయట చేయించుకోమన్నారు. రక్తం సీసా గుప్పిట్లో పెట్టుకుని ల్యాబు కోసం ఎండలో పరుగెత్తాను. ఎటు వెళ్ళినా అవతలివాళ్ళమేనా మేము?

అత్తయ్య, తమ్ముడు ఉండనే ఉన్నారు, వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

అయ్యో, డబ్బులు తర్వాత చూద్దాంలే అన్న ఆటో అన్నకి, పిల్లల్ని బడికి పంపిన ఎదురింటి అక్కకి కూడా కృతజ్ఞతలు. ఆ సాయంత్రమే రిపోర్టు చేతిలో పెట్టిన ల్యాబు తమ్ముడికీ. నైట్ డ్యూటీ సిస్టర్‌గారూ, మీకు కూడానండీ.