కుట్టు విప్పి సగం పుస్తకం నాకిచ్చిన పెద్దాయనకు

అమ్మను నిన్న సాయంత్రం ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చాం. ఇరవై మూడు రోజుల తర్వాత. నాకింకా నిద్ర తీరలేదు, కళ్లు మండుతున్నాయి. అయినా ఇది ఈరోజే రాయాలి. రేపటి నుంచి మళ్లీ పనుల్లో పడిపోతాను.

ఆపరేషన్ బాగా జరిగింది. తమ్ముడు, చెల్లెలు, మా ఆవిడ వంతులేసుకుని తిరిగారు. ఇంటివాళ్లకు ఇక్కడ ప్రత్యేకంగా చెప్పేదేముంది. నేను చెప్పాల్సింది అమ్మ పక్క మంచంలో ఉన్న పెద్దమ్మ భర్త గురించి.

చిత్తూరాయన. డెబ్బై దాటాయి. నలభై ఏళ్లు బైండింగ్ పని చేశారట. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. రాత్రయితే మేమంతా వార్డు బయట వరండాలో చాపలు పరుచుకునేవాళ్లం. ఆయన మాత్రం ట్యూబ్‌లైటు కింద కూర్చుని ఒక లావుపాటి తెలుగు పుస్తకం చదివేవారు. అట్ట లేదు, మొదటి పేజీలు లేవు, రాసిందెవరో తెలీదు. ఎవరో బైండింగ్‌కని ఇచ్చి మళ్లీ రాలేదట. ఫ్రెంచి విప్లవం మీద పుస్తకం.

నాలుగో రాత్రి ఏం చదువుతున్నారని అడిగాను. చెప్పారు. నా నోటి నుంచి వెంటనే "1789 జూలై 14, బాస్టిల్" అని వచ్చేసింది. ఆయన కళ్లద్దాలు తీసి, "అయితే ఆ జైలు కోటలో ఆ పొద్దు ఎంతమంది ఖైదీలు ఉండిరి నాయనా?" అన్నారు. నాకు తెలీదు. "ఏడు మందే. జనం ఆ కోట మీదికి పోయింది వాళ్ల కోసం కాదు, తుపాకీమందు కోసం. తుపాకులు పొద్దున్నే దొరికినాయి, మందు లేదు."

నేను ఆరేళ్లు గ్రూప్స్‌కు చదివాను. చిన్నప్పుడు మా తాత చంద్రగిరి కోటకు తీసుకుపోతే సాయంత్రం దాకా రానని ఏడ్చినవాణ్ణి. అలాంటి నాకు ఆ ఆరేళ్లలో చరిత్రంటే బిట్లే మిగిలాయి. ఏ సంవత్సరం, ఏ ఒప్పందం, నాలుగు ఆప్షన్లు. రెండుసార్లు కొద్దిలో పోయాక పుస్తకాలన్నీ అటక మీదకెక్కించాను. తొమ్మిదేళ్లుగా ఒక్కటి కూడా దించలేదు. తుపాకీమందు సంగతి ఆ ఆరేళ్లలో నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

మీరు చదివాక ఇస్తారా అని అడిగాను. మరుసటి రోజు పొద్దున ఆయన బయటికిపోయి ఒక బ్లేడు కొనుక్కొచ్చారు. తను చదివినంత వరకు చూసుకుని, ఫారం (కలిపి కుట్టిన కాగితాల మడత) అంచు దగ్గర కుట్టు విప్పి, ఒక్క కాగితం కూడా చిరగకుండా పుస్తకాన్ని రెండు చేశారు. నేను వద్దు వద్దంటూనే ఉన్నాను. "రాత్రుళ్లు ఇద్దరికీ నిద్ర లేదు. ఒకరి కోసం ఒకరు కాచుకోవడం ఎందుకు? కుట్టేదానికి నా చేతులున్నాయి కదా నాయనా" అన్నారు.

ఆ సగమే నన్ను అన్ని రాత్రులూ నిలబెట్టింది. 1788 జూలైలో వడగళ్లు పడి పైరు పోవడం, ఆ పైన గడ్డకట్టే చలికాలం, రొట్టె ధర కూలిలో సగానికి మించిపోవడం. అక్టోబరు 5న వేలమంది ఆడవాళ్లు వానలో ఫిరంగులు లాక్కుంటూ పారిస్ నుంచి రాజభవనం ఉన్న వెర్సాయికి నడిచారు. ఇరవై కిలోమీటర్లు, తిరుపతి నుంచి చంద్రగిరి దాటి ఇంకా ముందుకు పోయినంత. మరుసటి రోజు రాజును, రాణిని, పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని, రొట్టెలవాణ్ణి తెస్తున్నామంటూ పారిస్‌కు తిరిగొచ్చారు. ఆ పేజీ చదివి నేను లేచి వరండా అంతా తిరిగాను.

ఒక రాత్రి పెద్దాయన ఇంకో మాట చెప్పారు. మైసూరు పాలకుడు హైదరలీ చనిపోయింది మన చిత్తూరు పక్కన నరసింగరాయనిపేట దగ్గర, 1782 డిసెంబరులో. ఆయన కొడుకు టిప్పు పంపిన రాయబారులు 1788 ఆగస్టులో వెర్సాయిలో అదే రాజును, పదహారో లూయీని కలిశారు. సరిగ్గా ఏడాది కూడా తిరగకముందే బాస్టిల్ పడింది. నరసింగరాయనిపేట పేరు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఈ రెంటినీ కలిపి ఎన్నడూ చూడలేదు.

విప్లవానికి ముందు ఫ్రాన్సులో దొరల పావురాలు పైరు తింటున్నా రైతు వాటిని కొట్టకూడదు. ఇది అమ్మకు చదివి వినిపించాను. మాకు చెనక్కాయల చేను ఉంది. అమ్మ కళ్లు మూసుకునే, "మన అడవిపందుల మాదిరేనా? వాళ్లేం చేసినారు?" అంది. ఆపరేషన్ తర్వాత అమ్మ అడిగిన మొదటి ప్రశ్న అది. 1789 ఆగస్టు 4 రాత్రి ఆ హక్కు తీసేయాలని నిర్ణయించారని చెప్పాను.

ఆ ఏడాది మొదట్లో ఊరూరా జనం తమ కష్టాలన్నీ పుస్తకాల్లో రాసి పంపారు. ఉప్పు పన్ను దగ్గర్నుంచి పావురాల దాకా. అది చదివింది నేను ఆసుపత్రి కౌంటర్ దగ్గర లైన్లో నిలబడి. ఒక్క సీలు కోసం మూడు రోజులు తిప్పారు. ఫైలు పైకి పోయిందంటారు, పైన అడిగితే కిందే ఉందంటారు. పలమనేరు నుంచి వచ్చిన ఒకామె చంటిబిడ్డతో అదే లైన్లో రెండు రోజులు నిలబడింది. కూర్చోడానికి ఒక బెంచీ వేయలేరా? ఎవరికి రాసి ఇవ్వాలో చెప్పే మనిషైనా లేడు. ఇది రాయకుండా ఉండలేకపోయాను.

పెద్దమ్మను మాకంటే ఐదు రోజుల ముందే డిశ్చార్జి చేశారు. తెల్లవారుజామున వెళ్లిపోయారట, నేను నిద్రలో ఉన్నాను. లేచి చూస్తే నా తల దగ్గర రెండో సగం ఉంది. లోపల ఒక చీటీ, ఫోన్ నంబరు, "రెండూ చదివి తీసుకురా, కుట్టేద్దాం" అని. ఆయన గుర్తుగా పెట్టుకున్న బస్సు టికెట్టు ఇంకా మధ్యలోనే ఉంది. ఆయన పూర్తి చేయలేదు. పూర్తి కాకుండానే నాకు వదిలిపెట్టి వెళ్లారు. అమ్మ ఆపరేషన్ రోజు కూడా ఏడవనివాణ్ణి, ఆ టికెట్టు చేతిలో పట్టుకుని ఏడ్చాను.

పెద్దాయనా, ఆ టికెట్టు అక్కడే ఉంచాను, కదపలేదు. వచ్చే ఆదివారం చిత్తూరు వస్తున్నాను. మీరు ఆపిన చోటు నుంచి మీకు చదివి వినిపిస్తాను, కుట్టడం ఆ తర్వాతే. మీకు నా దండాలు.

అయ్యో, రక్తం ఇచ్చిన ఇద్దరు యూనివర్సిటీ పిల్లల గురించి రాయనేలేదు. పేర్లు కూడా అడగలేదు, తమ్ముళ్లూ, క్షమించండి. రాత్రి డ్యూటీ సిస్టరమ్మకు, అర్ధరాత్రి డబ్బులు తీసుకోని ఆటో అన్నకు కూడా. పొద్దున్నే ఫ్లాస్కులో వేడినీళ్లు పోసిచ్చిన టీకొట్టు అక్కకు కూడా నా దండాలు.