చింతగింజల డబ్బా

వారాసిగూడ,
ఆదివారం రాత్రి.

చిన్నీ,

నువ్వు ఫోన్ ఎత్తవు కాబట్టి ఉత్తరం. పద్దెనిమిది రోజుల్లో నీ దగ్గర్నుంచి వచ్చినవి మూడు బొటనవేళ్ళు, ఒక నవ్వు మొహం. నిన్నేదో అడగాలని రాయడం లేదు, ఊరికే కబుర్లు. నాన్న బీపీ మామూలుగానే ఉంది. మామిడికాయ తొక్కు పెట్టాను, ఈసారి నువ్వుల నూనెతో. పావురాల బాధ పడలేక బాల్కనీకి వల కట్టించాం. ఆరు వేలు అడిగాడు, నాలుగుకి ఒప్పించాను.

మొన్న పెద్దత్తయ్య వాళ్ళ గృహప్రవేశంలో కిట్టు కనిపించాడు. పులిహోర వడ్డిస్తుండగా అందరి ముందూ, "చిన్ని పీహెచ్‌డీ మానేసి లోన్ యాప్ కంపెనీలో చేరుతోందట కదత్తా" అన్నాడు. సగం విని మిగతా సగం కల్పించడం వాడికి చిన్నప్పటి అలవాటు, ఆ రిజల్ట్స్ నాటి సంగతి నీకు తెలుసుగా. నేను నమ్మలేదు. "అలాగా" అని పెరుగు వేయించుకున్నాను.

ఇవాళ కమ్యూనిటీ హాల్లో నా డబ్బు లెక్కల క్లాసుకి పదకొండు మంది వచ్చారు. చీటీ లెక్క చెప్పాను. ఒకామె లక్ష రూపాయల చీటీ మూడో నెలలోనే డెబ్బై రెండు వేలకి పాడుకుందట, కూతురి ఫీజు కోసం. తప్పని నేననలేదు. కాలేజీ ఫీజు పాట చివరి నెల దాకా ఆగదు కదా. రిజిస్టరైన చీటీయేనా అని అడిగితే మాత్రం అందరూ నవ్వారు. "మా అక్క నడుపుతది మేడం" అంది. 1982 చిట్‌ఫండ్ల చట్టం గురించి చెప్పబోయి మానేశాను. కోఠి కాలేజీలో ముప్పై ఏళ్ళు చెప్పిన పాఠాలకీ ఈ కమ్యూనిటీ హాల్లో చెప్పేవాటికీ తేడా ఇదే. అక్కడ తెలుగు అకాడమీ పుస్తకం ముందు పెట్టుకుని తినేకొద్దీ ఇంకో ముద్ద ఇచ్చే తృప్తి తగ్గుతుంది, అదే క్షీణోపాంత ప్రయోజనం అంటే పిల్లలు రాసుకునేవాళ్ళు. ఇక్కడ ఎదురు ప్రశ్న వస్తుంది.

నాలుగో చాప్టర్ ఎంతవరకు వచ్చింది? మీ గైడ్‌తో ఏమైనా మాటామాటా వచ్చిందా? నా పీహెచ్‌డీకీ ఏడేళ్ళు పట్టింది, తెలుసుగా. ఔరేపల్లె లెక్కలు ముందేసుకుని, నువ్వు కడుపులో ఉండగా, వేవిళ్ళతో టేబుళ్ళు కట్టాను. పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్ళు 1975 నుంచి ఆ పాలమూరు పల్లెలో ఇంటింటి రాబడీ ఖర్చూ రాసిపెట్టారు కాబట్టి సరిపోయింది. అవే లెక్కలతో 1994లో ఎకనామిస్టు టౌన్‌సెండ్ ఏం చూపించాడో నీకు నేను చెప్పాలా? ఒక ఇంట్లో రాబడి పడిపోయినా ఆ ఇంటి తిండి అంతగా పడిపోలేదు. ఊళ్ళోవాళ్ళ మధ్య ఇచ్చిపుచ్చుకోవడాలు, చేబదుళ్ళు నడిచేవి. మన ఇంట్లో మాత్రం ఒకరి సంగతి ఒకరికి కిట్టు పులిహోర దగ్గర చెబితే తెలుస్తోంది.

సరే, అప్పుల మాట ఎత్తాను కాబట్టి చెబుతున్నా. పూలామె గుర్తుందా? 2010 ఎండాకాలం, నువ్వు ఏడో తరగతి అయిపోయి సెలవుల్లో ఉన్నావు. క్లాసులో చింతగింజల డబ్బా నీ ఒళ్ళో పెట్టుకుని నా పక్కన కూర్చునేదానివి. పూలామెకి అప్పిచ్చే ఫైనాన్సాయన పదివేలు రాసుకుని తొమ్మిదివేలు చేతికిస్తాడు, రోజుకి వంద చొప్పున వంద రోజులు కట్టాలి. నేను చాప మీద వెయ్యికొకటి చొప్పున తొమ్మిది గింజలు పెట్టి, పది రోజులకొకటి చొప్పున వెనక్కి తీయించాను. "చూడండి, సగటున మీ దగ్గరున్నది నాలుగున్నర గింజలే. వాటికి వంద రోజుల్లో ఒక గింజ వడ్డీ. అంటే ఏడాదికి ఎనభై శాతం" అని గొప్పగా చెప్పాను. అందరూ నోళ్ళు వెళ్ళబెడతారనుకున్నా. పూలామె ఒక గింజ తీసి వేళ్ళతో తిప్పుతూ, "ఎనభై అయితే ఎనభై. పొద్దుగాల నాలుగు గొట్టంగ గుడిమల్కాపూర్ల మీ బ్యాంకు తెర్సుంటదా మేడం? నూరు ఆయనకిస్తే నాకు మూడొందలు మిగులుతయి" అంది. నువ్వు పకపకా నవ్వావు. నాకు కోపం వచ్చింది, తర్వాత సిగ్గేసింది. ఆ వారమంతా నా నోట్సు మళ్ళీ రాసుకున్నాను.

కానీ ఆ ఆషాఢంలో వాళ్ళాయన మంచం పట్టాడు. పదకొండు రోజులు కట్టలేదు. మనం వెళ్ళేసరికి ఫైనాన్సాయన గడప మీద కూర్చుని ఉన్నాడు. తిట్టలేదు, గొంతు పెంచలేదు. మంచినీళ్ళు అడిగి తాగి, గ్లాసు పక్కన బోర్లించి, అలాగే కూర్చున్నాడు. ఆమె లోపలికి పోవాలంటే అతని మోకాళ్ళు దాటుకుని పోవాలి. సాయంత్రం దాకా కదల్లేదు. నా దగ్గర గింజలు ఉన్నాయి గానీ అతన్ని లేపే మాట ఒక్కటీ లేదు. తిరిగొస్తూ నువ్వు "అమ్మా, రేపు కూడా వస్తాడా?" అని అడిగావు. నేను జవాబు చెప్పలేదు. ఆ అక్టోబరులో ప్రభుత్వం మైక్రోఫైనాన్స్ వసూళ్ళ మీద ఆర్డినెన్స్ తెచ్చింది. మన ఫైనాన్సాయన కంపెనీ కాదు, బైకు మీద వచ్చే మనిషి. అతనికేం పట్టింది?

అప్పివ్వడమే పాపమని నేననను, పూలామె నాకు ఆ మాట అనే అర్హత లేకుండా చేసింది. మీ యాప్ వాళ్ళు పొద్దున నాలుగింటికి డబ్బు వేస్తామంటే మంచిదే. అసలు వడ్డీ ఏడాదికెంతో ముందే కాగితం మీద చూపాలని, ఫోన్లో కాంటాక్టులు ముట్టకూడదని 2022లో రిజర్వు బ్యాంకు చెప్పింది కదా, అది నిజంగా పాటిస్తున్నారా లేదా కనుక్కో. పదకొండు రోజులు కట్టకపోతే ఎవరు ఫోన్ చేస్తారు, ఎన్నిసార్లు, ఏ గొంతుతో, అదీ అడుగు. జీతం తర్వాత అడుగు. లెక్చర్ ఇవ్వనని నాన్నకి మాటిచ్చి కూర్చున్నాను, చూడు.

అయినా నువ్వు చేరుతున్నావని ఎవరన్నారు?

పార్సిల్లో తొక్కు, కరివేపాకు పొడి, నీ నల్ల స్వెటర్ పెట్టాను. తొక్కు సీసా మూత చుట్టూ ప్లాస్టిక్ కవరు కట్టాను, విప్పేటప్పుడు నిలువుగా పట్టుకో. తడి చెంచా పెట్టొద్దు. బెంగళూరులో వానలని టీవీలో చూపిస్తున్నారు, తల తడిగా పెట్టుకుని పడుకోకు. హాస్టల్ మారావా? మారితే పార్సిల్ పాత అడ్రస్‌కే వెళుతుంది, అందుకైనా ఫోన్ చెయ్యి. వచ్చే ఆదివారం పదకొండున్నరకల్లా క్లాసు అయిపోతుంది.

డబ్బా మూత విరిగింది. గింజలు నీ పాత హార్లిక్స్ సీసాలో పోశాను.

అమ్మ