వాల్వులు చివర్లో కొనండి

సంపాదకులకు,

ఇంట్లో సొంతంగా వాల్వు ఆంప్లిఫయర్ (ట్రాన్సిస్టర్లకి బదులు గాజు వాక్యూమ్ గొట్టాలతో పాట సిగ్నల్ పెంచి స్పీకరుకి ఇచ్చేది) కట్టుకునేవాళ్ళ కోసం పత్రికల్లో వచ్చే వ్యాసాల్లో వాల్వుల వెలుగు గురించీ, వాటి కమ్మని నాదం గురించీ బోలెడంత ఉంటుంది. ఏ సామానుకి ఎంత పెట్టాలి, ఏది ముందు కొనాలి అన్నది మాత్రం రెండు ముక్కల్లో తేలిపోతుంది. చదివి ఉత్సాహపడ్డవాళ్ళు ముందు ఖరీదైన వాల్వులు కొనేస్తారు. ట్రాన్స్‌ఫార్మర్ల దాకా వచ్చేసరికి చేతిలో డబ్బుండదు. దొరికిందేదో బిగించేస్తే పాట కన్నా ముందు గుర్రుమనే హమ్ వినిపిస్తుంది. ఈ వరుస పూర్తిగా తిరగబడాలి.

లెక్క స్పీకరు దగ్గర మొదలుపెట్టాలి. ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ పలుకుతుందో స్పీకరుతో వచ్చే కాగితంలో ఉంటుంది. ఆ అంకె 84 అయితే 5 వాట్ల ఆంప్లిఫయర్‌తో 91 దగ్గర ఆగిపోతుంది. 92 అయితే అదే ఆంప్లిఫయర్‌తో 99 అందుకుంటుంది. ఈ 8 డెసిబెల్స్ లోటుని ఆంప్లిఫయర్ వైపు నుంచి పూడ్చాలంటే 5 వాట్లు కాస్తా 30 దాటాలి. అంటే పెద్ద వాల్వులు, వాటికి తగ్గ బరువైన ట్రాన్స్‌ఫార్మర్లు, ఎక్కువ వోల్టేజి. స్పీకరు మార్చుకోవడమే చౌక.

మొదటిసారి కట్టేవాళ్ళకి చానెల్‌కి (ఎడమ, కుడి స్పీకర్లకి చెరొకటి) స్పీకరుని నడిపే పెద్ద వాల్వు ఈఎల్84 ఒకటి, రెండు చానెళ్ళకీ కలిపి ముందుగా సిగ్నల్ పెంచే చిన్న వాల్వు ఈసీసీ83 ఒకటి చాలు. 250 వోల్టుల దగ్గర ఈఎల్84లో కరెంటు అందుకునే రేకు, అంటే ప్లేటు, 48 మిల్లీఆంపియర్లు, దాని ముందుండే స్క్రీన్ 5.5 మిల్లీఆంపియర్లు తీసుకుంటాయి. రెండు వాల్వులకి 107, ఈసీసీ83కి ఓ రెండు, వెరసి 110 మిల్లీఆంపియర్లు అనుకోవచ్చు. ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జ్ రెక్టిఫయర్ తర్వాత నేరుగా కెపాసిటర్ ఉంటే, ట్రాన్స్‌ఫార్మర్ వైండింగ్ (తీగ చుట్ట) మీద పడే ఏసీ భారం డీసీ కన్నా దాదాపు 1.8 రెట్లు. కాబట్టి 220 వోల్టుల వైండింగ్ 200 మిల్లీఆంపియర్లు మోయగలగాలి. 120 మిల్లీఆంపియర్లది సరిపోతుందనుకుని కొన్నవాళ్ళ ట్రాన్స్‌ఫార్మర్ గంటకే చెయ్యి పెట్టలేనంతగా కాలుతుంది. వాల్వుల్ని లోపల వేడిచేసే హీటర్లకి 6.3 వోల్టుల దగ్గర 1.82 ఆంపియర్లు పోతాయి. 3 ఆంపియర్ల వైండింగ్ తీసుకుంటే నిశ్చింత.

వాల్వుకీ స్పీకరుకీ మధ్యనుండే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ మీద కక్కుర్తి అసలే వద్దు. ప్రైమరీ (వాల్వు వైపు చుట్ట) 5,000 ఓములు, సెకండరీ (స్పీకరు వైపు చుట్ట) 8 ఓములు, అంటే చుట్ల నిష్పత్తి 25కి 1. ఇలా ఒకే వాల్వుతో నడిచే సర్క్యూట్‌లో ప్రైమరీ గుండా డీసీ ఎప్పుడూ పారుతూనే ఉంటుంది గనక ఇనుప కోరులో గాలి ఖాళీ తప్పనిసరి. రెండు వాల్వులు వంతులవారీగా నడిపే పుష్-పుల్ సర్క్యూట్ కోసం చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్‌లో ఆ ఖాళీ ఉండదు. చౌకగా వచ్చిందని అది బిగిస్తే ఇనుము సంతృప్తమైపోయి (ఇక అయస్కాంతత్వం పట్టలేక) బేస్ చచ్చిపోతుంది. అమ్మేవాళ్ళని మూడు సంగతులు అడగాలి: ఇంపిడెన్స్ (ఏసీకి అడ్డు, పైన ఓముల్లో చెప్పింది) ఎంత, ఎంత డీసీ తట్టుకుంటుంది, ప్రైమరీ ఇండక్టెన్స్ (కరెంటు మార్పుని నిలవరించే గుణం, కొలత హెన్రీల్లో) ఎంత. ఫీడ్‌బ్యాక్ (అవుట్‌పుట్‌లో కొంత వెనక్కిచ్చి సరిదిద్దడం) లేకుండా 40 హెర్ట్జ్ దగ్గర 3 డెసిబెల్స్‌కి మించి పడిపోకూడదంటే 18 హెన్రీలు కావాలి. అంత ఇండక్టెన్స్ గుప్పెట్లో పట్టే ట్రాన్స్‌ఫార్మర్‌లో రాదు. అందుకే ధర చూసే ముందు బరువు చూడండి.

ఇక చోక్, అంటే డీసీలో మిగిలిన అలల్ని అణిచే తీగ చుట్ట. దండగ ఖర్చనుకుని ఎక్కువమంది కొట్టేసేది దీన్నే. మెయిన్స్ 50 హెర్ట్జ్ అయితే మొదటి 47 మైక్రోఫారడ్ కెపాసిటర్ మీద రిపుల్ (డీసీలో మిగిలిన అల) సుమారు 23 వోల్టులుంటుంది. దాని తర్వాత 150 ఓముల రెసిస్టర్, మరో 47 మైక్రోఫారడ్ పెడితే 5 వోల్టులు మిగులుతుంది. అదే రెసిస్టర్ స్థానంలో 10 హెన్రీల చోక్ పెడితే అది వోల్టులో ఎనిమిదో వంతుకి దిగుతుంది. పుష్-పుల్‌లో రెండు వైపుల రిపుల్ ఒకదాన్నొకటి చాలావరకు కొట్టేసుకుంటుంది. ఒంటి వాల్వు సర్క్యూట్‌కి ఆ వెసులుబాటు లేదు, మిగిలిందంతా స్పీకర్లోకే వస్తుంది. చోక్ కొనే స్తోమత లేకపోతే రెండో కెపాసిటర్ 220 మైక్రోఫారడ్ చేయండి, రిపుల్ ఒక వోల్టు చిల్లరకి దిగుతుంది. ఆ 150 ఓముల రెసిస్టర్ మీద దాదాపు 2 వాట్లు వేడిగా పోతుంది, 5 వాట్లది వాడాలి.

రిపుల్‌ని అణిచే ఈ ఫిల్టర్ కెపాసిటర్ల వోల్టేజి దగ్గర చాలామంది బోల్తా పడతారు. 220 వోల్టుల ఏసీని సరిచేస్తే శిఖరం 311. మెయిన్స్ 10 శాతం ఎక్కువొచ్చిన రోజు 342. వాల్వులు వేడెక్కేదాకా కరెంటు లాగవు, ఆ కాసేపు భారం లేని ట్రాన్స్‌ఫార్మర్ ఇంకాస్త ఎక్కువే ఇస్తుంది. 350 వోల్టుల కెపాసిటర్ స్విచ్ వేసిన ప్రతిసారీ అంచున నిలబడుతుంది. 450 వోల్టులు, 105 డిగ్రీల వేడి తట్టుకునేవే కొనాలి. రెక్టిఫయర్‌కి 1ఎన్4007 డయోడ్లు నాలుగు చాలు. రెక్టిఫయర్ వాల్వే కావాలంటే దాని హీటర్ ఖర్చు కలుస్తుంది, మొదటి కెపాసిటర్‌కి హద్దూ వస్తుంది: జీజెడ్34కి 60 మైక్రోఫారడ్లు, ఈజెడ్81కి 50.

ఈసీసీ83 ప్లేటు నుంచి ఈఎల్84 గ్రిడ్‌కి (వాల్వులో కరెంటుని అదుపుచేసే తీగ జాలీ) వెళ్ళే 0.1 మైక్రోఫారడ్ కప్లింగ్ కెపాసిటర్ చిన్న వస్తువే, కానీ పెద్ద వాల్వుని చంపేది అదే. పాత రేడియోల్లోంచి పీకిన మైనపు కాగితం రకం వాడితే లీకవుతుంది. కేవలం 5 మైక్రోఆంపియర్లు లీకైనా 470 కిలో ఓముల గ్రిడ్ రెసిస్టర్ మీద 2.35 వోల్టులు లేస్తాయి. కాథోడ్ (ఎలక్ట్రాన్లు విడిచే భాగం) కన్నా 7.3 వోల్టులు కిందుండాల్సిన గ్రిడ్ ఆ మేరకు పైకి జరుగుతుంది, వాల్వు కరెంటు పెరుగుతుంది. 250 వోల్టులు, 48 మిల్లీఆంపియర్లంటే ప్లేటు అప్పటికే 12 వాట్ల హద్దు మీదుంది. చీకట్లో చూస్తే ప్లేటు మీద ఎర్రటి మచ్చ కనిపిస్తుంది. ఆ గ్రిడ్ రెసిస్టర్ మీద మీటరు పెట్టి చూడండి, సున్నా దగ్గరే ఉండాలి. 0.2 వోల్టులు దాటితే స్విచ్ ఆపి, ఫిల్టర్ కెపాసిటర్లు ఖాళీ అయ్యాక, కప్లింగ్ కెపాసిటర్ ఒక కాలు విప్పి మళ్ళీ కొలవండి. వోల్టేజి పోతే తప్పు కెపాసిటర్‌ది, పోకపోతే వాల్వుది. 630 వోల్టుల పాలీప్రొపిలీన్ రకం కొంటే ఈ బెడదే ఉండదు. కాథోడ్ రెసిస్టర్ 135కి బదులు 150 ఓములు పెడితే వాల్వు కాస్త చల్లగా నడుస్తుంది, చెవికి తేడా తెలియదు.

మొత్తం డబ్బు వంద పాళ్ళనుకుంటే, మా లెక్కలో ట్రాన్స్‌ఫార్మర్లకీ చోక్‌కీ 45, వాల్వులకి 15, కెపాసిటర్లూ రెసిస్టర్లకి 12. అల్యూమినియం ఛాసిస్, సాకెట్లు, టెర్మినళ్ళు, స్విచ్, ఫ్యూజు, తీగలు ఎవరూ ముందు లెక్కేయరు, అవే 18 తినేస్తాయి. మిగతా 10 కాలిపోయేవాటికి అట్టేపెట్టుకోవాలి. వాల్వుల దగ్గర ఇంకా తగ్గాలంటే చిన్న వాల్వు (ట్రయోడ్), పెద్ద వాల్వు (పెంటోడ్) ఒకే గాజులో ఉండే ఈసీఎల్82 ఉంది. దాని టీవీ రూపం పీసీఎల్82 లోపల అదే, హీటర్ మాత్రం 16 వోల్టులు, 300 మిల్లీఆంపియర్లు. హీటర్ వైండింగ్ అందుకు తగ్గట్టు చెప్పి చుట్టించుకోవాలి.

ఖర్చు ఎంత బిగించినా వదలకూడనివి కొన్ని ఉన్నాయి: ఛాసిస్‌కి గట్టిగా బిగించిన ఎర్త్, ఫ్యూజు, ఫిల్టర్ కెపాసిటర్ల మీద 220 కిలో ఓముల 2 వాట్ల రెసిస్టర్. 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ దాని గుండా ఖాళీ అవ్వడానికి దాదాపు రెండు నిమిషాలు పడుతుంది. అప్పుడు కూడా మీటరుతో చూడనిదే చెయ్యి పెట్టొద్దు. ప్లగ్గు పీకిన తర్వాత కూడా మనిషిని చంపే వోల్టేజి ఇది. మొదటిసారి కరెంటిచ్చేటప్పుడు మెయిన్స్ తీగకి వరసలో (సిరీస్‌లో) 60 వాట్ల ఫిలమెంట్ బల్బు ఉండాలి. అది మొదట మెరిసి మందగిస్తే సరే, నిండుగా వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్టున్నట్టు. స్పీకరు తగిలించకుండా సిగ్నల్ ఇవ్వకూడదు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీలో వోల్టేజి ఎగదన్ని ఇన్సులేషన్ చీలిపోతుంది.

మీ పత్రికలో ఇకముందు ఎప్పుడైనా ఇలాంటి సర్క్యూట్ వేస్తే, ప్రతి కెపాసిటర్ పక్కన దాని వోల్టేజి, ప్రతి రెసిస్టర్ పక్కన దాని వాట్లు, ట్రాన్స్‌ఫార్మర్ పక్కన ఆంపియర్లు తప్పక అచ్చువేయమని మనవి. బొమ్మలో చోటు చాలకపోతే వాల్వు ఫొటో తీసేయండి.

భవదీయులు,
కొందరు పాఠకులు