చదువుకున్నవాళ్లు ఉగ్రవాదులు ఎలా అవుతారు?

తల్లిదండ్రులకు నమస్కారం.

పరీక్షల తేదీలు, ఆటల పోటీల ఫలితాలు తర్వాతి పేజీల్లో ఉన్నాయి. ఈ పేజీని మాత్రం తొమ్మిదో తరగతి పిల్లలు సాంఘికశాస్త్రం పీరియడ్‌లో అడిగిన ప్రశ్నకు కేటాయిస్తున్నాను. "బాంబులు పెట్టేవాళ్లు చదువుకోలేదా మేడమ్?" అన్నారు. చదువు లేకపోవడం వల్లనో, పేదరికం వల్లనో మనుషులు అలా తయారవుతారని మనలో చాలామంది అనుకుంటాం, పిల్లలకూ అదే చెబుతాం. ఆ నమ్మకం మనకు హాయిగా ఉంటుంది, ఎందుకంటే మన పిల్లలు బాగా చదువుతున్నారు కదా. అది నిజం కాదని పిల్లలకు చెప్పాను. ఏం చెప్పానో మీకూ తెలియాలి.

1995 మార్చి 20 ఉదయం, టోక్యోలో అందరూ ఆఫీసులకు వెళ్లే వేళ, ఓమ్ షిన్రిక్యో అనే మత సంస్థకు చెందిన ఐదుగురు ఐదు మెట్రో రైళ్లు ఎక్కారు. వార్తాపత్రికల్లో చుట్టి తెచ్చిన ప్లాస్టిక్ సంచులను కింద పడేసి, మొన చెక్కిన గొడుగులతో పొడిచి దిగిపోయారు. సంచుల్లో ఉన్నది ఆవిరై గాలిలో కలిసి ప్రాణం తీసే సారిన్ అనే విషం. 13 మంది చనిపోయారు, వేలమంది ఆసుపత్రుల పాలయ్యారు. పాతికేళ్లు మంచానికే పరిమితమైన మరో బాధితురాలు 2020లో కన్నుమూశారు.

ఆ ఐదుగురిలో ఒకడు ఇకువో హయాషి. పేరున్న కెయో విశ్వవిద్యాలయంలో వైద్యం చదివిన గుండె శస్త్రచికిత్స నిపుణుడు. అతను పొడిచిన సంచి ఉన్న రైలు కాసుమిగసెకి స్టేషన్‌కు చేరినప్పుడు, అదేమిటో తెలియని సిబ్బంది దాన్ని తీసి పక్కన పెట్టి, నేల తుడిచారు. వారిలో ఇద్దరు ప్రాణాలు కోల్పోయారు. ప్రయాణికులకు ఇబ్బంది కాకూడదని తమ పని తాము చేసుకుంటున్న ఉద్యోగులు వాళ్లు. ప్రాణాలు పోయడం నేర్చిన డాక్టరు చేతిలో వాళ్లు పోయారు. మిగతా నలుగురూ సైన్సు, ఇంజనీరింగ్ చదివినవారే. మనం మన పిల్లలకు ఏ చదువులు కావాలని తపిస్తామో సరిగ్గా ఆ చదువులే.

ఆ సంస్థ మొదట్లో ఎవరినీ చంపమనలేదు. 1984లో టోక్యోలో చిన్న యోగా తరగతిగా మొదలైంది. ఉద్యోగం, జీతం, హోదా ఉన్నా లోపల ఏదో వెలితిగా ఉందనుకునే యువకులు అక్కడికి వెళ్లారు. అక్కడ వాళ్ల మాట వినే మనుషులు దొరికారు, ప్రతి ప్రశ్నకూ తడుముకోని జవాబు దొరికింది. ఆ తర్వాత ఆస్తి ఇచ్చేయమన్నారు. ఇంటివాళ్లతో తెగతెంపులు చేసుకోమన్నారు. సందేహం వస్తే అది నీ సాధనలోని లోపమేనన్నారు. చివరికి, పాపిని చంపడం వాడికి మేలు చేయడమేనని బోధించారు. ఒక్కో మెట్టూ ముందరి మెట్టుకు కాస్తే పైన ఉంటుంది. ఎక్కేవాడికి ఎంత ఎత్తుకు వచ్చాడో తెలియదు.

పిల్లల్ని వెనక్కి తెచ్చుకోవాలని కొందరు తల్లిదండ్రులు సుత్సుమి సకమోతో అనే న్యాయవాదిని ఆశ్రయించారు. 1989 నవంబరులో ఆయన్నూ, భార్యనూ, ఏడాది బిడ్డనూ ఆ సంస్థవాళ్లు ఇంట్లోనే చంపేశారు. ఈ ముఠాలు అన్నిటికంటే ఎక్కువగా భయపడేది కుటుంబానికే అని నాకు గట్టిగా అనిపించేది ఇక్కడే.

నిజమైన అన్యాయం నుంచి పుట్టే సంస్థలూ ఉన్నాయి, ఆ సంగతి పిల్లల దగ్గర దాచకూడదు. 1983 జులైలో శ్రీలంకలో తమిళుల మీద జరిగిన ఊచకోత చూసి వందలమంది యువకులు ఆయుధాలు పట్టారు. వాళ్ల బాధ కల్పితం కాదు. కానీ తమిళులకు ప్రత్యేక దేశం కావాలని పోరాడిన సాయుధ సంస్థ ఎల్‌టీటీఈ ఆ బాధకు తానొక్కటే హక్కుదారునంది. చర్చలతో పరిష్కారం వెతికిన తమిళ నాయకుడు అమృతలింగాన్ని 1989లో, నీలన్ తిరుచెల్వాన్ని 1999లో పొట్టన పెట్టుకుంది. తమిళ కుటుంబాల నుంచే పిల్లల్ని బలవంతంగా తీసుకుపోయింది. మధ్యేమార్గం చూపే సొంతవాళ్లను ముందు తొలగించడం ఇలాంటి సంస్థల్లో చాలాచోట్ల కనిపించే పద్ధతి.

ఇప్పుడు యోగా తరగతి దాకా వెళ్లనక్కర్లేదు, ఫోను చాలు. 2019 మార్చి 15న న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో రెండు మసీదుల్లో 51 మందిని ఒకడు ఒంటరిగా కాల్చి చంపాడు. చనిపోయినవారిలో హైదరాబాద్, కరీంనగర్‌ల నుంచి వెళ్లి స్థిరపడినవారూ ఉన్నారు. హంతకుడు దాన్ని ఫేస్‌బుక్‌లో ప్రత్యక్షంగా చూపించాడు. మొదటి 24 గంటల్లోనే ఆ వీడియో ప్రతులు 15 లక్షలు తొలగించామని ఆ సంస్థ ప్రకటించింది. యూట్యూబ్ తనకు ముఖ్యమైన ప్రేరణ అని అతను విచారణ సంఘానికి చెప్పాడు. అతని పేరు తన నోట ఎన్నడూ రాదని ఆ దేశ అప్పటి ప్రధాని జెసిండా ఆర్డెర్న్ పార్లమెంటులో అన్నారు. మా తరగతి గదుల్లోనూ ఆ పేరు పలకం. వాళ్లకు కావలసిందే ఆ ప్రచారం.

మన ఊరి సంగతికి వస్తాను. 2007 మే 18న హైదరాబాద్ మక్కా మసీదులో శుక్రవారం ప్రార్థనల సమయంలో బాంబు పేలింది. అదే ఏడాది ఆగస్టు 25న లుంబినీ పార్కులో లేజర్ షో చూస్తున్నవారి మధ్య, కోఠిలో గోకుల్ చాట్ దగ్గర పేలుళ్లు జరిగాయి. మహారాష్ట్ర నుంచి విహారయాత్రకు వచ్చిన ఇంజనీరింగ్ విద్యార్థులు లుంబినీలో చనిపోయారు. నమాజుకు వెళ్లినవాళ్లూ, చాట్ తినడానికి వెళ్లినవాళ్లూ ఒకే నగరం మనుషులు. అయినా దేశంలో ఎక్కడ దాడి జరిగినా మర్నాడు బడిలో ఎవరో ఒక విద్యార్థి తలవంచుకుని కూర్చోవలసి వస్తోంది, తన పేరు వల్ల, తన మతం వల్ల. ఇది నేను సహించను. ఉపాధ్యాయులకు కచ్చితంగా చెప్పాను, మీకూ చెబుతున్నాను. "మీవాళ్లే చేశారు" అన్న ఒక్క మాటతో మనం ఆ ముఠాల పని ఉచితంగా చేసిపెడతాం. నిన్ను ఎవరూ తమవాడనుకోరు, మేమే నీవాళ్లం అని చెప్పడానికి వాళ్లు కాచుకుని ఉంటారు.

ఇంట్లో మీరు చేయగలిగింది ఏమిటని అడిగితే, ఫోను లాక్కోమని నేను చెప్పను. పిల్లవాడు ఏదైనా విపరీతమైన మాట అంటే వెంటనే చెంప ఛెళ్లుమనిపించకండి. ఎక్కడ విన్నావు, ఎవరు చెప్పారు, అవతలివాళ్లు ఏమంటారు అని అడగండి. మీతో వాదించే అలవాటున్న బిడ్డను ప్రశ్నించడం మానేయమని ఒప్పించడం బయటివాళ్లకు సులభం కాదు. పాత స్నేహితులను ఉన్నట్టుండి వదిలేయడం, కొత్తగా పరిచయమైనవారి గురించి ఒక్క ముక్క కూడా చెప్పకపోవడం, ఒక వర్గం మొత్తాన్ని పురుగులతోనో రోగంతోనో పోల్చి మాట్లాడటం గమనిస్తే మా దగ్గరికి రండి. ఇవన్నీ కౌమారంలో మామూలుగా కూడా జరుగుతాయి, అందుకే కంగారు పడకుండా రండి. మీరు చెప్పినది పిల్లల రికార్డులో రాయం.

వచ్చే శనివారం ఉదయం 10 గంటలకు ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల తల్లిదండ్రులతో ఈ విషయమే మాట్లాడుతాం. పిల్లల్ని కూడా వెంట తీసుకురండి. మొదటి అరగంట ప్రశ్నలు వాళ్లవే. తొమ్మిదో తరగతివాళ్లు ఇప్పటికే చీటీల మీద రాసి నా టేబుల్ మీద పెట్టారు. వాటిలో ఒకటి: "మా మామయ్య ఫోనులో పంపిన వీడియో అబద్ధమని తెలిస్తే ఆయనకు ఎలా చెప్పాలి?" జవాబు పెద్దలమే ఇవ్వాలి కాబట్టి, దయచేసి ఆలోచించుకుని రండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు