వెనకున్న జవాబు

పర్లాకిమిడి,
ఆదివారం

ఒరే తాబేలూ,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది, తిట్టుకో. అమ్మ మోకాలు కాస్త నయం. చెల్లి బరంపురంలో కాలేజీలో చేరింది. వార్తలు అయిపోయాయి. అసలు సంగతి ఫోన్లో చెప్తే మధ్యలో నవ్వి పాడుచేస్తావని కాగితం మీద పెడుతున్నా.

ఇక్కడో ఆఫీసుకి లాగిన్ సాఫ్ట్‌వేర్ రాస్తున్నానన్నానుగా, ముప్పై సెకన్లకోసారి మారే ఓటీపీతో. ముందు ఏం చేశానో తెలుసా? ఓటీపీ పుట్టించేదీ నా ప్రోగ్రామే, సరిచూసేదీ నా ప్రోగ్రామే. ఎన్నిసార్లు నడిపినా "కరెక్ట్" అంటుంది. అనదా మరి! రెండు చోట్లా ఒకే తప్పు ఉంటే ఎవడు పట్టుకుంటాడు? మనం ఒకరి పేపరు ఒకరం దిద్దుకున్నట్టే. (యూనిట్ టెస్టు, 23 మార్కులు. ఇంకేం అనను.)

అంచేత బయటివాళ్ళు ముందే లెక్కకట్టి పెట్టిన జవాబులు వెతికా. ఓటీపీ లోపల ఉండే హెచ్‌మ్యాక్‌వి (రహస్య కీనీ సందేశాన్నీ కలిపి ఒక ముద్ర తీసే లెక్కలే) ఆర్‌ఎఫ్‌సీ 4231లో దొరికాయి. ఆర్‌ఎఫ్‌సీలంటే ఇంటర్నెట్ పద్ధతులు రాసిపెట్టే కాగితాలు. అందులో ఒకచోట కీ 'జెఫె', సందేశమేమో 'వాట్ డూ యా వాంట్ ఫర్ నథింగ్?' ఊరికే వస్తుంటే ఇంకేం కావాలోయ్ అని వెక్కిరిస్తున్నట్టు లేదూ? అవన్నీ సరిపోయాయి.

ఇక ఓటీపీ. ఆర్‌ఎఫ్‌సీ 6238, 2011 నాటిది. చివర్లో పట్టిక ఉంటుంది. 1970 జనవరి 1 మొదలైన 59వ సెకనుకి షా-1తో (ఆ ముద్ర తీసే పద్ధతుల్లో ఒకటి) 94287082 రావాలి. వచ్చింది! షా-256తో 46119246 రావాలి. రాలేదురా. ఇంకేదో అంకె. మూడు రాత్రులు. క్యాలెండరు వెనక బైట్లు రాసుకుని వేలు పెట్టి లెక్కపెట్టా. అమ్మ మజ్జిగన్నం పెట్టి పైన పళ్ళెం బోర్లించి పోతే, తెల్లారేదాకా అలాగే ఉంది.

మూడో రాత్రి కరెంటు పోయింది. బ్యాటరీ 9 శాతం. ఏమీ తోచక అదే ఆర్‌ఎఫ్‌సీలో వాళ్ళిచ్చిన జావా ప్రోగ్రామ్ చదివా. పట్టిక దగ్గర కీ '12345678901234567890' అని రాశారు, 20 అక్షరాలు. ప్రోగ్రామ్‌లో మాత్రం షా-256కి అదే వరసని 32 దాకా సాగదీశారు, షా-512కి 64 దాకా! నేనూ సాగదీశా. 46119246. ఆ ఆర్‌ఎఫ్‌సీ తప్పొప్పుల పట్టిక తెరిస్తే, ఎవరో ఎప్పుడో చెప్పేసిన ముచ్చటే.

చీకట్లో ఒక్కడినే అరిచా, "మాస్టారూ, వెనకున్న జవాబే తప్పు!" అని. బళ్ళో లెక్కల పుస్తకం గురించి నువ్వన్నట్టే, అచ్చం నీ గొంతుతో. కాకపోతే ఇక్కడ జవాబు సరైందే, ప్రశ్న సగమే ఇచ్చారు. ఆ రోజు నీ లెక్క కూడా అలాంటిదేనేమో, ఒక్కడివీ ఎండలో నిలబడ్డావు. మాస్టారు పోయారని నీకు ఎవరైనా చెప్పారా? నాకు మొన్ననే... సరే, అది తరవాత.

ఇంకా ఏఈఎస్ మిగిలింది, సమాచారాన్ని కీతో రహస్యంగా మార్చే పద్ధతి. 2001 నాటి ఫిప్స్ 197లో (అమెరికా ప్రభుత్వ ప్రమాణాల కాగితం) ఒక ఉదాహరణ ఉంది, 128 బిట్ల కీతో నడిపితే 69సీ4 అని మొదలవ్వాలి, నాదేమో 69 దాకా కూడా... ఉండు, చిన్నాన్న చెప్పులేసేసుకున్నాడు. పాతపట్నంలో శ్రీకాకుళం బస్సెక్కుతాడట, ఇది ఆయన చేతికే ఇస్తున్నా. పిన్నికి

నీ కుందేలు