ల్యాబ్‌లో ఆ వీడియోలు తెరవనివ్వండి: ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

నేను ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ సైన్స్ చెప్పే కాంట్రాక్ట్ లెక్చరర్‌ని. కాలేజీ పేరు రాయడం లేదు. రాస్తే ముందు మెమో అందుకునేది మా ప్రిన్సిపాల్ గారు, ఆయన తప్పు ఇందులో ఏమీ లేదు. ఈ విషయం మీద ఆయన ద్వారానే అర్జీ పంపాం. పై ఆఫీసుకు మెయిల్ పెట్టాం. సోమవారం గ్రీవెన్స్‌లో లైన్లో నిలబడి కాగితం ఇచ్చి రసీదు తెచ్చుకున్నాం. ఆ రసీదు నంబరు కొట్టి చూస్తే ఇప్పుడు ‘పరిష్కరించబడింది’ అని వస్తోంది. ల్యాబ్‌లో మాత్రం ఏ వీడియో తెరవబోయినా అదే ఎర్ర పేజీ. ఈ సైటు వినోదం కేటగిరీ కింద నిలిపివేయబడింది అని. ఎవరు ఏం పరిష్కరించారో మాకు తెలియలేదు సార్. అందుకే ఈ లేఖ.

మేం అడుగుతున్నది సినిమాలు కాదు, క్రికెట్ కాదు. వెబ్ డెవలప్‌మెంట్, వెబ్ డిజైన్ మీద ప్రపంచంలో ఎక్కడెక్కడో జరిగే సదస్సుల్లో ఆ పని చేసేవాళ్లే మాట్లాడిన ప్రసంగాలు. రికార్డు చేసి, ఎవరైనా చూసుకోవచ్చని పైసా తీసుకోకుండా పెట్టినవి. మా సబ్జెక్టుకు ఇవాళ ఇంతకు మించిన పాఠ్యపుస్తకం లేదు. ఇది నేను ఆలోచించే అంటున్నాను.

సిలబస్ సంగతి మీకు తెలుసు. మా పిల్లల చేతుల్లో ఉన్న గైడ్లలో ఇప్పటికీ ఫ్రేమ్‌సెట్, ఫాంట్, మార్కీ లాంటి పాత ట్యాగ్‌లు (పేజీ కట్టే ఆదేశాలు) ఉన్నాయి. 2014 అక్టోబర్‌లో వెబ్ పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్5 ప్రమాణంగా వచ్చినప్పుడే ఇవి కాలం చెల్లినవని అందులో రాసేశారు. పేజీని అడ్డం, నిలువు వరసలుగా అమర్చే సీఎస్ఎస్ గ్రిడ్ 2017 మార్చిలో ఫైర్‌ఫాక్స్, క్రోమ్, సఫారీ బ్రౌజర్లు మూడింటిలోకీ ఒకే నెలలో వచ్చింది. పేజీలు కట్టే పద్ధతే మారిపోయింది. మా రికార్డుల్లో పిల్లలు ఇంకా టేబుల్ ట్యాగ్‌తో పేజీని గళ్లుగా విడగొట్టి, ఆ కోడ్‌ను పెన్నుతో చేత్తో రాసి, సంతకం కోసం తెస్తున్నారు. నేను సంతకం పెడుతున్నాను, ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వచ్చి అడిగేది అదే కాబట్టి. పుస్తకం రాసినవాళ్లను తప్పు పట్టను. పుస్తకం రాసి, ఆమోదం పొంది, అచ్చయి వచ్చేలోపు ఈ రంగం రెండు మెట్లు ముందుకెళ్లిపోతుంది.

ఆ ఖాళీని పూడ్చేది ఈ ప్రసంగాలే. 2009లో బెర్లిన్‌లో జరిగిన జేఎస్‌కాన్ఫ్ ఈయూ అనే జావాస్క్రిప్ట్ సదస్సులో ర్యాన్ డాల్ అనే ఆయన, ఆ భాషను బ్రౌజర్ బయట కూడా నడిపే నోడ్ జేఎస్‌ను సభలో చూపించారు. ఇవాళ మన కంపెనీల ఉద్యోగ ప్రకటనల్లో కనిపించే ఆ పేరు అక్కడే జనంలోకి వచ్చింది. అదే ఆయన 2018లో మళ్లీ అదే సదస్సుకు వచ్చి, నోడ్‌లో తను చేసి పశ్చాత్తాపపడుతున్న పది విషయాలు ఒక్కొక్కటిగా చెప్పారు. సెక్యూరిటీ గురించి సరిగా ఆలోచించలేదన్నారు, వేరేవాళ్ల కోడ్ దాచే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్‌ను అలా పెట్టాల్సింది కాదన్నారు. టెక్నాలజీ అంటే ఎవరో పైనుంచి ఇచ్చేది, మనం వాడుకోవడమే అనుకునే పిల్లలకు ఈ రెండు వీడియోలూ వరసగా చూపించాలని నాకెంత ఉందో మాటల్లో చెప్పలేను. కట్టినవాడే తన కట్టడంలోని లోపాలు నిలబడి చెబుతుంటే వినడం ఏ గైడులో దొరుకుతుంది?

ఇంకొకటి చెబుతాను, కాస్త ఓపిగ్గా చదవండి. వెబ్ పేజీల్లో వాడే ప్రోగ్రామింగ్ భాష జావాస్క్రిప్ట్‌లో మూడు లైన్లు. మొదటిది 1 అని ప్రింట్ చేస్తుంది. రెండోది, ఇంతసేపు ఆగి చెయ్యమని చెప్పే సెట్‌టైమ్‌అవుట్‌లో సున్నా మిల్లీసెకన్లు ఇచ్చి 2 ప్రింట్ చేయమంటుంది. మూడోది 3 ప్రింట్ చేస్తుంది. సున్నా అన్నాం కాబట్టి 1, 2, 3 వస్తుందని క్లాసంతా రాస్తారు. వచ్చేది 1, 3, 2. ఎందుకో బోర్డు మీద ఎంత గీసినా సగం మందికి ఎక్కదు, ఎందుకంటే అది కదిలే విషయం, బోర్డు మీద బొమ్మ కదలదు. 2014లో ఫిలిప్ రాబర్ట్స్ అనే డెవలపర్ దీని మీదే అరగంట లోపు ప్రసంగం ఇచ్చారు. తెర మీద స్టాక్ (ఇప్పుడు నడుస్తున్న పనులు) ఒక పక్క, క్యూ (వరసలో ఆగిన పనులు) ఒక పక్క పెట్టి, కోడ్ లైను లైనుగా నడుస్తుంటే ఏది ఎక్కడికి వెళ్తోందో, ఆ 2 క్యూలో ఎందుకు ఆగి ఉందో కళ్లకు కట్టినట్టు చూపించారు. అందుకోసం ఒక టూల్ కూడా ఆయనే తయారు చేసుకున్నారు. అది చూశాక మళ్లీ అడగండి, వెనక బెంచీ అబ్బాయి కూడా చెబుతాడు. ఆ తర్వాత మెట్టు కావాలంటే 2018లో సింగపూర్ సదస్సులో జేక్ ఆర్చిబాల్డ్ చెప్పింది ఉంది, బ్రౌజర్ పేజీని ఎప్పుడు గీస్తుందో దాకా వెళ్తారు. బెర్లిన్, సింగపూర్ దాకా పోనక్కర్లేదు. పక్కన బెంగళూరులో 2011లో మొదలైన జేఎస్‌ఫూ సదస్సు ప్రసంగాలు కూడా రికార్డయి ఉన్నాయి. మన ఊళ్ల నెట్‌వర్క్‌లు, మన ఫోన్లు తెలిసినవాళ్లు మాట్లాడినవి అవి.

ఇవన్నీ ఉచితం. ఆ హాళ్లలో కూర్చున్నవాళ్లు టికెట్టు, విమానం ఖర్చులు పెట్టుకుని వెళ్లినవాళ్లు. మా పిల్లలు పెట్టుకోవాల్సిందల్లా ఇంటర్నెట్. ఆ ఇంటర్నెట్ మీరు ఇచ్చారు సార్, కాదనను. ల్యాబ్ బాగుంది, కంప్యూటర్లు బాగున్నాయి, ఫైబర్ లైను వచ్చింది. ప్రారంభోత్సవం రోజు ప్రపంచంలో ఎక్కడి పాఠమైనా ఇక్కడే కూర్చుని వినొచ్చని మీరు మాట ఇచ్చారు. ఆ మాటకు ముందు వరసలో చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను, మనస్ఫూర్తిగా కొట్టాను.

ఇప్పుడేం జరుగుతోందో చూడండి. ల్యాబ్‌లో తెరుచుకోదు కాబట్టి పిల్లలు ఫోన్లో చూస్తున్నారు. ఆ ఫోను చాలామందికి సొంతం కాదు, నాన్నదో అన్నదో. పని నుంచి ఆయన వచ్చాక రాత్రి చేతికొస్తుంది. రోజుకు 1.5 జీబీ ప్యాకు, అప్పటికే సగం అయిపోయి ఉంటుంది. నలభై నిమిషాల ప్రసంగం స్పష్టంగా చూడాలంటే అర జీబీ దాకా లాగేస్తుంది. అందుకని డేటా తక్కువ తినే, అన్నిటికన్నా మసకైన 144పీలో పెట్టుకుంటారు. పాట అయితే 144పీలో వినొచ్చు. కోడ్ ఎలా చదువుతారు? ఆ మసకలో ఏది బ్రాకెట్టో ఏది కర్లీ బ్రాకెట్టో తెలియదు, కోలన్‌కూ సెమీకోలన్‌కూ తేడా కనబడదు.

మా సెకండియర్ అమ్మాయి ఒకామె గ్రిడ్ మీద ఒక ప్రసంగం అలాగే చూసి, నోట్‌బుక్‌లో కోడ్ ఎక్కించుకుని, పొద్దున్నే ల్యాబ్‌కొచ్చి టైప్ చేసింది. పేజీ మారలేదు. డిస్‌ప్లే అన్న మాట పక్కన కోలన్ ఉండాల్సిన చోట సెమీకోలన్ పడింది. సీఎస్ఎస్‌లో ఇలాంటి తప్పు ఉంటే బ్రౌజర్ ఎర్రర్ చూపించదు, ఆ ముక్కను వదిలేసి ముందుకు పోతుంది. ఆ అమ్మాయి ల్యాబ్ పీరియడంతా లైన్లన్నీ మళ్లీ మళ్లీ చూసుకుంటూ కూర్చుంది. నాకు అర్థం కాదేమో సార్, ఈ సబ్జెక్టు మానేస్తాను అంది. ఆ మాట నన్ను చాలా రోజులు వెంటాడింది. ఎదురుగా పెద్ద తెర ఉంది, ఫైబర్ లైను ఉంది. అదే ప్రసంగం ఆ తెర మీద తెరిచి, ఒక్క చోట ఆపి, ఇదిగో కోలన్ అని వేలుపెట్టి చూపిస్తే అయిపోయేది.

తెరిపించడానికి మేం పడిన పాట్లు కూడా వినండి. ప్రిన్సిపాల్ గారి దగ్గర సైట్లను ఆపే ఆ ఫైర్‌వాల్ పాస్‌వర్డ్ లేదు. నెట్‌వర్క్ చూసే ఏజెన్సీని అడిగితే హెడ్డాఫీసు నుంచి లెటర్ కావాలన్నారు. హెడ్డాఫీసును అడిగితే అది టెక్నికల్ విషయం, ఏజెన్సీ చూసుకుంటుందన్నారు. మళ్లీ ఏజెన్సీ. వాళ్లు ఈసారి ఏ వీడియోలు కావాలో ఒక్కొక్క లింకూ రాసి పంపమన్నారు. కూర్చుని రాశాం. ప్రతి లింకు పక్కన ఏ యూనిట్‌కు పనికొస్తుందో కూడా రాశాం. విడివిడి లింకులు తెరవడం కుదరదు, తెరిస్తే సైటు మొత్తం తెరవాలి, అందుకు విధాన నిర్ణయం కావాలని జవాబొచ్చింది. ఆ విధాన నిర్ణయం తీసుకోవాల్సింది మీరే సార్. అందుకే మీకు రాస్తున్నాను. ఇంతకన్నా పైన ఎవరిని అడగాలో మాకు తెలియదు.

ఈ నిషేధం వల్ల మీ సొంత లక్ష్యాలే ఆగిపోతున్నాయి. కేంద్రం వారి ఆన్‌లైన్ వేదిక ‘స్వయం’ కోర్సుల్లో పిల్లల్ని చేర్పించమని మాకు ప్రతి సెమిస్టర్ టార్గెట్లు వస్తాయి. యూజీసీ 2021 నిబంధనల ప్రకారం సెమిస్టర్‌లో 40 శాతం కోర్సుల దాకా అలా చేయొచ్చు. మేం చేర్పిస్తున్నాం. ఆ పేజీ ల్యాబ్‌లో తెరుచుకుంటుంది, వీడియో ఉండాల్సిన చోట మాత్రం ఖాళీ డబ్బా కనబడుతుంది, ఎందుకంటే ఆ వీడియో ఉన్నది నిలిపేసిన సైటులోనే. ఐఐటీ ప్రొఫెసర్లు చెప్పిన ఎన్‌పీటెల్ పాఠాలదీ ఇదే గతి. ఎన్‌రోల్‌మెంట్ ఎందుకు పెరగలేదని ప్రతి వీడియో కాన్ఫరెన్స్‌లో మమ్మల్ని నిలదీస్తారు. ఆ టెన్షన్ మాకు, ఫెయిలన్న మాట పిల్లలకు.

పిల్లలు చెడిపోతారని భయమంటారా? ఆ భయం నాకూ ఉంది, నేనూ పిల్లల తండ్రినే. కానీ రీల్స్ చూడాలనుకున్నవాడికి జేబులో ఫోనుంది, మీ ఫైర్‌వాల్ అతన్ని ఆపడం లేదు. అది ఆపుతున్నది చదువుకోవాలని ల్యాబ్‌కొచ్చినవాళ్లను.

సైటు మొత్తం తెరవడం కుదరదంటే ఇంకో దారి ఉంది. అర్జీలో అదీ రాశాం. ల్యాబ్‌లో ఒక పాత కంప్యూటర్‌కు పెద్ద హార్డ్ డిస్క్ తగిలించి, వీడియోలు ఒక్కసారి దించుకుని లోపలి నెట్‌వర్క్‌లో పెట్టడం. అందరికీ స్పష్టంగా కనబడుతుంది, బయటి ఇంటర్నెట్ అక్కర్లేదు. చట్టం ప్రకారం కుదురుతుందా అని అడుగుతారేమో. చాలావాటికి కుదురుతుంది. బ్రస్సెల్స్‌లో ఏటా జరిగే ఫాస్‌డెమ్ సదస్సు ప్రసంగాలు స్వేచ్ఛగా వాడుకోనిచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో, దించుకోవడానికి వీలుగానే పెడతారు. ఐఐటీ బాంబే వాళ్ల స్పోకెన్ ట్యుటోరియల్స్ కూడా అంతే. వాటిని ఇంటర్నెట్ లేని చోట వాడుకోవడానికే తయారు చేశారు, తెలుగులో కూడా చెప్పించారు. మిగతా సదస్సుల వాళ్లకు మీ శాఖ లెటర్‌హెడ్ మీద ఒక అభ్యర్థన వెళ్తే కాదంటారని నేననుకోను. జనం చూడాలనే కదా వాళ్లు పెట్టింది. నా పేరుతో నేను రాస్తే ఎవరు పట్టించుకుంటారు, మీరు రాస్తే వేరు.

ఆ సర్వర్‌లో పెడితే తెలుగు సబ్‌టైటిల్స్ కూడా మేమే చేసుకోగలం. మా పిల్లల్లో ఎక్కువమంది పది వరకు తెలుగు మీడియం. వేగంగా మాట్లాడే ఇంగ్లిష్ యాస అందక మధ్యలో ఆపేసేవాళ్లున్నారు. సబ్‌టైటిల్ ఫైలంటే సమయాలు, మాటలు ఉన్న మామూలు టెక్స్ట్ ఫైలు, నోట్‌ప్యాడ్‌లో రాయొచ్చు. ఫైనలియర్ వాళ్లకు ప్రాజెక్టుగా ఇస్తే ఆ ప్రసంగం వాళ్లకు నోటికొస్తుంది, జూనియర్లకు పాఠం తయారవుతుంది. మా క్లాసులో వినికిడి లోపం ఉన్న అబ్బాయి ఉన్నాడు, సార్. వెబ్‌లో పెట్టే వీడియోలకు క్యాప్షన్లు ఉండాలన్నది, వికలాంగులకూ వెబ్ అందేలా చూసే డబ్ల్యూసీఏజీ ప్రమాణాల్లో మొట్టమొదటి స్థాయి నియమం. ఆ నియమం నేను యూనిట్ నాలుగులో చెబుతాను, అతను రాసుకుంటాడు. అతనికి మాత్రం క్యాప్షన్లున్న ఒక్క వీడియో చూపించలేకపోతున్నాను.

మీకు వంద పనులుంటాయి. జీతాల ఫైళ్లు, ఖాళీల ఫైళ్లు, బిల్డింగుల ఫైళ్లు. మా రెన్యువల్ గురించి, ఆగిపోయిన జీతాల గురించి ఈ లేఖలో ఒక్క మాట కూడా రాయలేదు, వాటికి వేరే అర్జీలున్నాయి. ఇది పిల్లల విషయం. డబ్బు అడగడం లేదు, కొత్త బిల్డింగ్ అడగడం లేదు. ల్యాబ్‌లో వీడియోలు తెరవమని ఒక్క ఉత్తర్వు ఇప్పించండి. అది కుదరకపోతే సర్వర్ పెట్టుకోవడానికి అనుమతివ్వండి, హార్డ్ డిస్క్ మేమే చందాలు వేసుకుని కొనుక్కుంటాం. అదీ కుదరకపోతే ఎందుకు కుదరదో ఎవరైనా ఒక మనిషి సంతకం పెట్టి రాసివ్వమనండి, ఆ కాగితం క్లాసులో చదివి వినిపిస్తాను. ‘పరిష్కరించబడింది’ అని మాత్రం దయచేసి మళ్లీ రాయించకండి.

వచ్చే సెమిస్టర్ ప్రాక్టికల్స్ మొదలయ్యేలోపు ఏదో ఒకటి తేల్చమని చేతులు జోడించి వేడుకుంటున్నాను.

ఇట్లు,
మీ శాఖలో పనిచేస్తున్న ఒక కాంట్రాక్ట్ లెక్చరర్