బొమ్మల నోట్‌బుక్కు గొడవ గురించి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

మన తెలుగు బడి పిల్లలు నోట్‌బుక్కుల్లో చూసి వేసిన బొమ్మల మీద, "తెలుగు నేర్పమని పంపిస్తే చర్మం ఒలిచిన మనిషి బొమ్మలేంటండీ" అని వారం నుంచి వాట్సాప్ గ్రూపులో నడుస్తున్నదంతా చదివాను. మావాడు రాత్రి భయపడ్డాడని ఒకరు రాశారు. అదే అబ్బాయి క్లాసు వెనక కూర్చుని ఐప్యాడ్‌లో జాంబీలను కాలుస్తుంటాడు, అందుకేమీ భయం లేదు కాబోలు.

ఆ బొమ్మలకు మూలం చిత్రకారుడు జాన్ సింగిల్టన్ కాప్లీ వేసినవి. మీలో చాలామంది రోజూ రైలు దిగే కాప్లీ స్టేషన్ ఆయన పేరే. 1738లో ఈ బోస్టన్‌లోనే పుట్టాడు. ఊళ్లో బొమ్మలు నేర్పే బడి లేదు, రాగిరేకుల మీద చెక్కి అచ్చువేసే సవతి తండ్రి 1751లోనే పోయాడు. అయినా 1756లో, ఇంకా ఇరవై నిండకుండానే, అచ్చు పుస్తకాలు ముందేసుకుని ఎముకలూ కండరాలూ చూసి వేసి, అక్షరాల గుర్తులు పెట్టి, దేన్నేమంటారో రాసుకున్నాడు. ఆ పుస్తకం ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. మన పిల్లలూ అంతే చేశారు, కాకపోతే పేర్లు తెలుగులో: పిక్క, మడమ, మోచెయ్యి, వెన్నుపూస. పద్యం బట్టీ పట్టించినా రాని మాటలు బొమ్మ వేస్తే వచ్చాయి, ఇక దీన్ని నేను మానిపించను. 1768లో ఆయన వేసిన వెండిపనివాడు పాల్ రివీర్ చిత్రం మన ఊరి మ్యూజియం ఆఫ్ ఫైన్ ఆర్ట్స్‌లోనే ఉంది, వెళ్లి ఆ గడ్డం కింద పెట్టుకున్న చెయ్యి చూడండి, లోపల ఎముక ఎక్కడుందో తెలిసినవాడు వేసిన చెయ్యి అది.

మూడో స్థాయి అమ్మాయొకతి, వీడియో కాల్‌లో అమ్మమ్మ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే ఆ చేతులు వేసింది. బొటనవేలు చెరిపి చెరిపి కాగితం చిరిగింది, కింద "మళ్లీ వేస్తాను" అని ఒత్తుతో సహా రాసింది. నేను ఆ పేజీ చూపించని టీచర్ లేదు! ఇంకో పుస్తకంలో పిక్కకి చక్కటి నీడ వేసి ఉంది, నాన్నగారు బాగానే వేస్తారు, కానీ అడ్మిషన్ బాబుది కదా.

ఉగాది రిహార్సల్ ఆదివారం 2 గంటలకు, ఫీజు బాకీలు ఈ నెలలో కట్టేయండి, పార్కింగ్ వెనకవైపే.

నోట్‌బుక్కు ఉన్నదున్నట్టు పంపండి. "నీట్‌గా లేదు" అని పేజీలు చింపకండి, రబ్బరు ఇవ్వకపోయినా పర్వాలేదు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయిని